ఒక్క పరగడుపు

"మీ కషాయమే నా బిడ్డను పొట్టన పెట్టుకుంది మామయ్యగారూ!"

"నోరు జాగ్రత్త అల్లుడూ! నా చేతి మందు తాగి చెడినవాళ్ళు ఈ వీధిలో ఒక్కరుంటే పిలుచుకురా! నువ్వు తెచ్చిన ఆ తెల్ల మాత్రలే దాని ఒంట్లో విషమయ్యాయి!"

ముందుగదిలో ఆ ఇద్దరూ అలా అరుచుకుంటుంటే, లోపల మంచం మీద ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి గంటైనా కాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నిలిచిన కడుపు మూడో నెలలోనే పోయింది... దగ్గర కూర్చుని 'అయ్యో తల్లీ' అనడానికి ఆ మగవాళ్ళకు తీరికేదీ! ఒకరి తప్పు ఒకరు ఎంచుకోవడంతోనే సరిపోతోంది. పోనీ బావురుమని ఏడుద్దామన్నా, ఏడాదిగా బొంగురుపోయిన గొంతులోంచి ఏడుపు కూడా సరిగా రావడం లేదు.

ఆమె తండ్రి వేళ్ళూ ఆకులూ ఎండబెట్టి, నూరి, మరిగించి మందిచ్చే వైద్యుడు. ఇంటి ముందుగదే ఆయన వైద్యశాల. పొద్దున్నే బల్లల మీద జనం కూర్చుని ఎదురుచూస్తుంటారు. భర్తేమో పక్క వీధిలోని మందుల దుకాణంలో పనిచేస్తాడు. తల్లి లేని ఇంట్లో నాన్నను ఒంటరిగా వదల్లేనని ఆమె అంటే, ఆ మంచి మనిషి మారుమాట్లాడకుండా ఈ ఇంటికే వచ్చేశాడు. "నీకేం లోటే! తుమ్మితే చాలు, ఇటు ఒకరు, అటు ఒకరు!" అని పిన్ని వేళాకోళం చేసేది. అప్పట్లో ఆమె కూడా పడీ పడీ నవ్వేది.

తర్వాత తుమ్ము కాదు, అసలు జబ్బే వచ్చింది. ఒళ్ళంతా బరువు, దువ్వితే గుప్పెడేసి జుట్టు, ఎండలో నిలబడ్డా చలి, బొంగురుపోయిన గొంతు, మెడ ముందు చిన్న వాపు. "థైరాయిడ్ అమ్మా" అంది డాక్టరమ్మ. "రోగాల్ని తరమాల్సిన కాపలా శక్తే దారి తప్పి, మీ ఒంట్లోని గ్రంథినే పగవాడనుకుని దెబ్బతీస్తోంది. రోజూ ఒక మాత్ర వేసుకోవాలి... బహుశా జీవితాంతం."

ఆ 'జీవితాంతం' అన్న మాటను తండ్రి తట్టుకోలేకపోయాడు. "నేను బతికుండగా నా బిడ్డ రోజూ మాత్ర మింగాలా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకున్నావా తల్లీ? వైద్యుడి కూతురికే నయం కాకపోతే ఇక ఈ బల్లల మీద ఎవరు కూర్చుంటారమ్మా?" అన్నాడు ఆయన. ఇటు భర్త ఆమె చెయ్యి పట్టుకుని, "నా మీద ఒట్టే, మాత్ర మాత్రం మానకు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! మాత్ర పరగడుపున వేసుకోవాలన్నాడు భర్త. కషాయం పరగడుపునే పడాలన్నాడు తండ్రి. మనిషికి పొద్దున్నే ఉండేది ఒక్క పరగడుపాయె!

చిన్నప్పటినుంచీ నోట్లో నాలుక లేని పిల్ల ఆమె. ఏం చేస్తుంది? భర్త ఇచ్చిన మాత్రను, అతను అటు వెళ్ళగానే నాలుక మీద పెట్టుకుని, తండ్రి అందించిన గ్లాసెడు కషాయంతో గటుక్కున మింగేసేది. ఆమె కషాయం ఇంకెప్పుడో తాగుతుందిలే అని భర్త అనుకున్నాడు, మాత్ర ఏ మధ్యాహ్నమో వేసుకుంటుందిలే అని తండ్రి అనుకున్నాడు. అడిగినవాళ్ళు లేరు. జబ్బు తగ్గకపోయేసరికి డాక్టరమ్మ మోతాదు పెంచింది. తండ్రేమో కషాయాన్ని ఇంకా చిక్కగా కాచాడు. ఇంతలో నెల తప్పింది... ఆ సంతోషంలో ఇద్దరూ, నా మందంటే నా మందని మురిసిపోయారు!

గొడవైన వారానికి ముగ్గురూ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు. ఆవిడ పరీక్ష కాగితం చూసి నొసలు ముడిచింది.

"మోతాదు పెంచినా మార్పే లేదేమిటి? మాత్ర మానేశారా?"

"లేదండీ, రోజూ నా చేత్తోనే ఇస్తున్నాను" అన్నాడు భర్త.

"దేంతో మింగుతావమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఆ తర్వాత తల దించుకుంది.

"నాన్న కషాయంతో..."

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. "ఈ మాత్ర ఉత్త మంచినీళ్ళతోనే వేసుకోవాలి తల్లీ! ఇంకేది కలిసినా సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. ఎందుకలా చేశావు?"

"ఇద్దరూ పరగడుపునే అన్నారండీ... ఎవర్ని ఆగమనను?"

భర్త కుర్చీ ముందుకు జరుపుకుని అడిగాడు. "అయితే... బిడ్డ అందుకేనా?"

"అందుకే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. కడుపు పోవడానికి కారణాలు చాలా ఉంటాయి."

అందుకే అని తేల్చి చెప్పినా బాగుండేది! తనను తాను తిట్టుకోవడానికైనా ఒక దారి దొరికేది. ఎవరి మనసూ నొప్పించకూడదనుకుంది, అంతే కదా... అందుకు తన చేతులతో తానే ఏం చేసుకుందో ఇక ఎప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చే దారిలో భర్త అన్నాడు. "దుకాణంలో ఎంతమందికో చెప్తాను, నీళ్ళతో వేసుకోండని. నీకు మాత్రం చెప్పలేదే... నీకు తెలుసులే అనుకున్నాను." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. తండ్రి నాలుగడుగుల వెనకగా నడుస్తున్నాడు.

మర్నాడు పొద్దున తండ్రి పొయ్యి వెలిగించలేదు. ముందుగదిలో బల్లలు నిండే ఉన్నాయి. మెడ దగ్గర వాపున్న ఒక పెద్దావిడ ముందుకు జరిగింది.

"వైద్యుడుగారూ, మీ అమ్మాయికీ ఇదేగా! అదే కషాయం నాకూ ఇప్పించండి."

లోపలినుంచి ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇది నా మందుకు లొంగే జబ్బు కాదమ్మా. ఆసుపత్రికి వెళ్ళు."

"అదేంటండీ! మరి మీ అమ్మాయికి నయం చేశారు కదా?"

ఆయన బల్లల వైపు తిరిగాడు.

"చెయ్యలేకపోయాను తల్లీ" అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా.

పరుగెత్తుకెళ్ళి తండ్రి నోరు మూసెయ్యాలనిపించింది ఆమెకు. ఆ ఒక్క మాట ఆయన నోట రాకూడదనే కదా, ఏడాది పొడుగునా ఆ చేదంతా దిగమింగింది! ఆ ఒక్క మాట కోసమేనేమో, కడుపులో బిడ్డనూ పోగొట్టుకుంది! తీరా ఆయనే అనేశాడు... అంత తేలిగ్గా అనేశాడు! ముందే అనగలిగిన మనిషని ఆమెకు తెలిస్తేనా...

ఒకరొకరుగా జనం లేచి వెళ్ళిపోయారు. తండ్రి వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న కూతుర్ని చూశాడు.

"మాత్ర వేసుకున్నావామ్మా?"

ఆ మాట ఆయన అడగడం అదే మొదటిసారి.

"వేసుకున్నాను నాన్నా... మంచినీళ్ళతోనే."

ఆయన తల ఊపాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.