నల్ల స్క్రీన్ అడిగిన ప్రశ్నలు

ముందే చెబుతున్నా, మా వీధిలో నా అంత మెకానిక్ లేడు. నవ్వకండి. నీళ్ళ డ్రమ్ములో పడి ఉబ్బిపోయిన ఫోనుకి నోటితో గాలి ఊది మాట్లాడించినవాణ్ణి నేను. నేను హలో అనకముందే అది హలో అంది. ఇక కంప్యూటర్లంటారా, నేను వీధి మలుపు తిరిగేసరికే వాటంతటవే ఆన్ అయిపోతాయి. మా చుట్టాలు నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. డాక్టరు అంటారు. ఎవరింట్లో ఏ మిషన్ మూలిగినా డాక్టరుకే ఫోను.

ఇంత డాక్టరుకీ ఒక చిన్న లోటుంది. ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగైతే కూడబలుక్కుంటా. నేను బడికి వెళ్ళింది తక్కువ, బడి నా కోసం మా ఇంటికొచ్చింది ఎక్కువ.

ఈ సంగతి తెలిసింది లోకం మొత్తంలో ఒక్క మనిషికి. మా షాపు పక్కనే టైపింగ్ షాపు నడిపే ఆవిడ, అందరూ టైపక్క అంటారు. మా ఇద్దరికీ ఒక పద్ధతుంది. స్క్రీన్ మీద ఏం కనబడితే అది నేను ఫొటో తీసి పంపిస్తా. అక్క చదివి, ఏం కొట్టాలో పెద్ద పెద్ద అక్షరాల్లో తిరిగి పంపిస్తుంది. నేను అక్షరాల్ని బొమ్మల్లా పోల్చుకుని కీబోర్డు మీద ఒక్కోటీ కొడతా. చూసేవాళ్ళకి మహా ఆలోచించి కొడుతున్నట్టు ఉంటుంది.

మధ్యలో కంప్యూటర్ ఏదైనా అడుగుతుంది. అడిగినప్పుడల్లా చివర బ్రాకెట్లో రెండు అక్షరాలు చూపిస్తుంది. ఒకటి పంగలకర్రలా ఉంటుంది, ఒకటి గుమ్మంలా ఉంటుంది. పంగలకర్ర నొక్కితే సరే అని. గుమ్మం నొక్కితే వద్దని. నేనెప్పుడూ పంగలకర్రే. వద్దనాలంటే ఏమడిగిందో తెలియాలి కదా!

"ఎప్పుడో మునుగుతావురా డాక్టరూ," అనేది టైపక్క. "నీ షాపు రాసిస్తావా అని అడిగినా సరే అంటావు నువ్వు."

"దానికి షాపెందుకక్కా, టీ కాయడం కూడా రాదు దానికి," అనేవాణ్ణి.

ఆ రోజు పొద్దున్నే మా చెల్లి ఫోను చేసింది. మా బావ పోయి అప్పటికి రెండు నెలలు. సినిమాల్లో బొమ్మలకి రంగులు అద్దే పని ఆయనది, ఇంట్లోనే కూర్చుని చేసేవాడు. మిషన్ మాత్రం ఆఫీసువాళ్ళది. లినక్స్ మిషన్, చెడితే అక్షరాలు కొట్టే బాగుచేయాలి.

"అన్నయ్యా, సాయంత్రం ఆఫీసువాళ్ళొచ్చి మిషన్ పట్టుకెళ్ళిపోతారట. ఆయన పాప కోసం కథ చెబుతూ ఒక వీడియో తీసుకున్నారు, అది అందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు. నిన్న ఆన్ చేస్తే ఏదో అప్‌డేట్ అంది. సరే అన్నాను. అంతే, స్క్రీన్ నల్లబడిపోయింది."

"సరే అనేశావా? అచ్చం నా చెల్లెలివే."

"నవ్వకు అన్నయ్యా. పాప ఆయన గొంతు మర్చిపోతోంది."

నాకు నవ్వు ఆగిపోయింది. అయినా నోరు ఆగదు కదా. "అరగంట. నువ్వు టీ పెట్టేలోపు మీ ఆయన కథ చెబుతుంటాడు, చూడు," అనేశా. అవసరం లేకపోయినా మెడలో ఒక కేబుల్ వేసుకుని మరీ వెళ్ళా, డాక్టర్లు వేసుకున్నట్టు.

బావ పని గది ఇంటికి వెనకాల. బయట ఎండ మండిపోతోంది, లోపల చీకటి. ఎండ పడితే స్క్రీన్ మీద రంగులు తప్పుగా కనబడతాయని ఆయన కిటికీకి నల్ల గుడ్డ వేసి, అంచులకి టేపు అంటించాడు. గోడలకి బూడిద రంగు. తలుపు తీయగానే ముక్కుకి తగిలిన వాసన... వేడెక్కిన దుమ్ము, పాత కాఫీ, దాని కింద ఆయన తలనూనె. కుర్చీ మెత్త మీద ఆయన కూర్చున్న గుంట ఇంకా పూడలేదు. అందులోనే ఆయన గుండె ఆగింది.

మా చెల్లి గుమ్మం దాటి రాలేదు. ఆ కుర్చీ వైపు చూడలేక, పాపని భుజానేసుకుని అక్కడే నిలబడింది. నేను ఆ గుంటలో కూర్చున్నా. ఏం చేస్తాం, వేరే కుర్చీ లేదు.

మిషన్ ఆన్ చేశా. ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ నల్లగానే ఉంది. టైపక్క చెప్పినట్టు మూడు మీటలు కలిపి నొక్కితే నలుపు మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. పేరు బావది, అక్క పంపిన అక్షరాలు చూసి కొట్టా. పాస్‌వర్డు పాప పుట్టినరోజని చెల్లి చెప్పింది. అంకెలు నాకు వచ్చు. దర్జాగా కొట్టా.

ఇక్కడ కొంచెం విద్య చెప్పాలి మీకు. గ్రాఫిక్స్ కార్డంటే బొమ్మ గీసే చెయ్యి. దానికి ఏం గీయాలో చెప్పేవాడు డ్రైవర్. నిన్నటి అప్‌డేట్‌తో దారులన్నీ మారిపోయాయి, పాత డ్రైవర్‌కి ఏమీ అర్థం కాలేదు. ఆయన్ని దింపి కొత్తాయన్ని ఎక్కించాలి. బస్సు డిపోలో రోజూ జరిగేదే.

అక్క పంపిన మొదటి కమాండ్ కొట్టా. ఏదో గొణిగి ఆగిపోయింది. ఫొటో పంపా. అక్క వెంటనే ఫోను చేసింది. సిగ్నల్ లేదని చెల్లికి చెప్పి పెరట్లోకి పోయా.

"పాత డ్రైవర్ దిగనంటోందిరా. ఆ స్క్రీన్‌ని ఎవరో వాడుతున్నారట," అంది అక్క.

"కుర్చీలో నేనే ఉన్నా కదక్కా."

"లోపల ఎవరెవరున్నారో చెప్పే కమాండ్ ఒకటుంది. పంపిస్తా, కొట్టు."

కొట్టా. రెండు లైన్లు వచ్చాయి. ఫొటో పంపి మళ్ళీ పెరట్లోకి పరిగెత్తా.

"ఇద్దరున్నారు," అంది. "ఒకటి నువ్వు, మీ బావ పేరు మీద. రెండోదానికి... పేరుండాల్సిన చోట ఏమీ లేదు."

"అంటే?"

"ఏముంది, పాతదేదో ఇరుక్కుపోయుంటుంది. దాన్ని గెంటేసే కమాండ్ పంపిస్తా. దాని తర్వాత డ్రైవర్‌ది. ఇదిగో విను, ఇక్కడ పనివాళ్ళు నెత్తి మీద కూర్చున్నారు, కాసేపు ఫోను చూడను. అది ఏదైనా అడిగితే ఫొటో పంపించి ఆగు. పంగలకర్ర నొక్కకు. వింటున్నావా?"

"నొక్కనక్కా."

రెండు కమాండ్లూ కొట్టా. అక్షరాలు జలజలా రాలాయి, డ్రైవర్ ఎక్కుతోంది. తర్వాత ఆగి, బ్రాకెట్టు చూపించింది. ఫొటో తీసి పంపా. ఆగా.

"ఆగిపోయావేం అన్నయ్యా? ఏమంటోంది?"

చదవడం రాదమ్మా అనొచ్చు. అక్క చూసేదాకా ఆగుదాం అనొచ్చు. ఎంత మాట అది? చిన్న మాట. కానీ చిన్నప్పట్నుంచి ఆ పిల్లకి నేనే గొప్ప. వాళ్ళత్తగారి ముందు మా అన్నయ్య డాక్టరు అని చెప్పుకున్న పిల్ల.

"మామూలేనమ్మా. ఎక్కించమంటావా అంటోంది," అన్నా. పంగలకర్ర నొక్కా.

ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా తిరిగి, తగ్గింది. మళ్ళీ ఒక ప్రశ్న. ఈసారి చిన్న లైను. ఫొటో తీశా. నొక్కా.

గదిలో నూనె వాసన పెరిగింది.

ఇంకో ప్రశ్న. ఇదీ చిన్నదే. ఫొటో... నొక్కా. కుర్చీ మెత్త నా కింద వెచ్చబడుతోంది. నా ఒంటి వేడే అనుకున్నా. కానీ వీపుకి కూడా వెచ్చగా తగులుతోంది. నేనేమో ముందుకి వంగి కూర్చున్నా... వీపు దేనికీ ఆనలేదు.

"పాప చూడు అన్నయ్యా," అంది చెల్లి మెల్లగా. "ఎవరికో చెయ్యి ఊపుతోంది."

తిరిగి చూశా. పాప నాకు చెయ్యి ఊపట్లేదు. నా నెత్తి మీదుగా చూస్తోంది.

"మేనమామని చూస్తే ఊపదా మరి," అన్నా. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

స్క్రీన్ వైపు తిరిగా. ఇంకో లైను వచ్చి ఉంది. దాని చివర బ్రాకెట్టు లేదు. పంగలకర్ర లేదు. గుమ్మం లేదు. ఊరికే ఒక లైను, దాని పక్కన తెల్ల గీత... ఆరుతూ, వెలుగుతూ... ఆరుతూ...

అది కంప్యూటర్ అడిగే తీరు కాదు. చదువు రానివాడికి కూడా తెలుస్తుంది. ఆగాలి. లేచి పెరట్లోకి పోవాలి.

"అయిందా అన్నయ్యా?" అంది చెల్లి. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో మీరు వినలేదు.

"అయిపోయిందమ్మా," అన్నా. ఫొటో తీసి పంపా.

నొక్కా.

స్క్రీన్ భళ్ళున వెలిగింది. అన్ని రంగులు నేనెప్పుడూ చూడలేదు. చీకటి గది పెళ్ళిమండపంలా అయిపోయింది. చెల్లి "అమ్మయ్య" అని లోపలికి వచ్చేసింది. అప్పటిదాకా దాటని గుమ్మం పరిగెత్తుకుంటూ దాటింది. వీడియో ఎక్కడుందో తనే చూపించింది. తెరిచా.

అదే గది. అదే బూడిద గోడ. అదే కుర్చీ. ఖాళీ.

గొంతు లేదు. కథ లేదు. కుర్చీ ఒక్కటే, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు మెల్లగా పక్కకి తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది.

"ఆయనేరీ?" అంది చెల్లి.

అప్పుడే జేబులో ఫోను మోగింది. పెరట్లోకి వచ్చేశా.

"ఒరేయ్," అంది టైపక్క. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గుసగుసగా అంది. "ఈ ఫొటోలు ఎక్కడివి?"

"బావ మిషన్‌వే అక్కా."

"మొదటిది డ్రైవర్‌ది. తర్వాతవి కాదు. అవి ఇంగ్లీషు అక్షరాలే గానీ... మాటలు తెలుగువిరా. ఎవరో కూర్చుని రాసినట్టున్నాయి."

"ఏమని?"

అక్క చదివింది.

"'పాప అక్కడే ఉందా?' అని ఉంది. దాని పక్కన నువ్వు నొక్కింది కనబడుతోంది. 'తలుపు తీసే ఉందా?' దానికీ నొక్కావు."

"బావే అయ్యుంటాడక్కా," అన్నా. ఏడుపొచ్చింది నాకు. "పాపని చూసుకోవడానికి..."

"ఆఖరిది విను. 'నేను ఆయన్ని కాను. అయినా రానా?'"

పని గది వైపు తిరిగి చూశా.

"డాక్టరూ... దానికేం నొక్కావురా?"

ఫోను కట్టేశా. అక్కకి కూడా చెప్పలేకపోయా, చూశారా. అన్నీ తెలిసిన మనిషికి కూడా.

ఇంట్లోకి పరిగెత్తా. చెల్లి పని గది బయట నిలబడి ఉంది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది, నోరు కొంచెం తెరిచి. చెల్లి ముఖంలో ఏడుపు లేదు. రెండు నెలల్లో మొదటిసారి ఆ ముఖం కడిగినట్టుంది.

"అన్నయ్యా," అంది రహస్యంగా. "వీడియోలో లేకపోతేనేం. ఇప్పుడే లోపల్నుంచి నన్ను పిలిచారు. పేరు పెట్టి."

"ఎవరు?"

"ఎవరేంటి? ఆయనే." నా చెయ్యి పట్టుకుంది. "భ్రమ కాదు కదా? ఆయనే కదా అన్నయ్యా? నీకు తెలుస్తుంది. నువ్వే కదా లోపలంతా చూసింది, అందులో రాసుంటుంది కదా?"

పని గది తలుపు ఓరగా ఉంది. లోపల స్క్రీన్ వెలుగు. కుర్చీ నాకు కనబడట్లేదు.

ఇప్పుడు చెప్పాలి. పాపని పట్టుకుని బయటికి పదమ్మా అనాలి. ఎందుకంటే... అని మొదలుపెట్టాలి. ఎందుకో చెప్పాలంటే అక్కడ రాసింది నేను చదవలేదని చెప్పాలి. మరి ఎలా నొక్కావు అంటుంది. నాకు చదవడం రాదని, తన ఇంటి తలుపు ఎవరికో తీసింది నేనేనని చెప్పాలి.

నోరు తెరిచా. దేవుడి మీద ఒట్టు, చెబుదామనే తెరిచా.

"అవునమ్మా," అన్నా. "ఆయనే."

చెల్లి నవ్వింది.

పని గది లోపల్నుంచి, కుర్చీ ఉన్న వైపు నుంచి, "ఊ" అని వినబడింది. పిల్లలు కథ వింటూ ఊ కొడతారు చూడండి... అలా. చిన్నపిల్ల గొంతు.

పాప మా చెల్లి భుజం మీదే ఉంది. నిద్రలోనే ఉంది.

లోపలిది ఇంకోసారి "ఊ" అంది, నేను తర్వాత ఏం చెబుతానా అని ఎదురుచూస్తున్నట్టు.