అద్దంలో కళ్ళు లేని మనిషి

మిట్టమధ్యాహ్నం... అయినా దీపం పెట్టుకోవలసినంత చీకటి! కారుమబ్బులు సూర్యుణ్ణి దిగమింగాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా మేడమీది చిత్రశాల కిటికీలు గజగజ వణుకుతున్నాయి. పగటిపూట కూయకూడని గుడ్లగూబ చూరు కింద చేరి ఆపకుండా కూస్తోంది.

లోపల నేలమీద రక్తవర్ణ వలయం... దాని నడుమ ఒక కపాలం... ఎదురుగా కుంచె పట్టుకుని చిత్రకారుడు!

లోకానికి అతను మహానుభావుడు. అతను వీధి వేస్తే రొద వినిపిస్తుందనీ, గది వేస్తే లోపలికెళ్ళి కూర్చోవాలనిపిస్తుందనీ జనం వేనోళ్ళ పొగిడారు. "మీకు ప్రేరణ ఏమిటండీ?" అని పత్రికలవాళ్ళు అడిగితే, "నా భార్యేనండీ" అనేవాడు తల వంచుకుని. ఎంత వినయం! నిజమే చెప్పాడు దుర్మార్గుడు.

కపాలంలో దీపం వెలిగించి, పట్టిన మసిని నూనెలో నూరితే అతని నలుపు తయారవుతుంది. అది ఎన్నాళ్ళకీ ఆరదు. ఆ నలుపుతో బొమ్మలోని మనిషికి కళ్ళు పెడితే చాలు, ఆ మనిషి సొత్తు బొమ్మ పాలవుతుంది. వీధి చిత్రంలో భార్యని నిలబెట్టి కళ్ళు పెట్టాడు. వీధికి రొద వచ్చింది, ఆమెకి మాట పోయింది. గది చిత్రంలో కుర్చీలో కూర్చోబెట్టాడు. గదికి ప్రాణం వచ్చింది, ఆమెకి నీడ పోయింది. ఆ ఖాళీలోకి కపాలంలోని పిశాచం దూరింది. ఏ బొమ్మలోనూ ఆమెకి నోరు వేయలేదు. ఎవరైనా అడిగితే, "ప్రేరణకి నోరెందుకండీ?" అని నవ్వేవాడు.

ఆ గది చిత్రంలో గోడకి ఒక అద్దం ఉంది. అద్దం కనబడితే తనని తాను వేసుకోకుండా ఉండలేని జబ్బు అతనిది. చొక్కా గుండీలతో సహా వేసుకున్నాడు, అలవాటుకొద్దీ నోరు తప్ప. కళ్ళు మాత్రం కావాలనే వదిలేశాడు. ఎందుకో అతనికి తెలుసు.

ఈ రోజు లోయ చిత్రం. లోయలో గాలి కదలాలంటే ఆమె ఊపిరే కావాలి. ఇక రెండు కళ్ళు పెట్టడమే తరువాయి.

ధడేలుమని తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆమె అక్క! ఎప్పుడు ఫోన్ చేసినా "మీ చెల్లెలికి గొంతు బాగోలేదు వదినా" అనే అతని బుకాయింపు విని విని ఆవిడ ఓపిక నశించింది.

"మా చెల్లెల్ని తీసుకెళ్ళడానికొచ్చాను. అడ్డు తప్పుకో."

"అది నీ చెల్లెలు కాదు వదినా. నా రంగుల పెట్టె."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కుంచె లాక్కోవడానికి ముందుకు దూకింది. అతని పెదవులు మంత్రం ఉచ్చరించాయి. మూల కూర్చున్న భార్య లేచింది... విరబోసిన కేశాలు... తెల్లగుడ్లు పడిన నేత్రాలు! రెండు చేతులా అక్క గొంతు నొక్కింది.

చిత్రకారుడు లోయలోని బొమ్మకి ఒక కన్ను పెట్టాడు. భార్య ఛాతీ ఎగశ్వాసతో ఎగిరిపడింది.

ఊపిరాడని అక్క గొంతు పెగల్చుకుంది. "మాట లాక్కున్నాడు, నీడ లాక్కున్నాడు... కోపం కూడా లాక్కున్నాడటే నీ దగ్గర్నుంచి?"

అదొక్కటే అతను తీసుకోలేదు. అది ఎక్కడుందో కూడా అతనికి తెలియదు.

గోడమీది గది చిత్రంలో కుర్చీ కిర్రుమంది. నోరు లేని ఆ స్త్రీ లేచి నిలబడింది. ఏ మంత్రానికీ లొంగని ఆగ్రహం ఆ అడుగుల్లో ఉంది. తన కంటిలోని తడి నలుపుని వేలితో తీసింది. అద్దం దగ్గరికి నడిచింది. అందులోని మనిషికి ఒక కన్ను... రెండో కన్ను... పెట్టింది.

"వద్దు... వద్దే... నేను నీ మొగు..."

కేక మధ్యలోనే తెగింది. కపాలం పెఠిల్లున పగిలింది. కుంచె నేలమీద దొర్లింది. దాన్ని పట్టుకున్న మనిషి లేడు.

అక్క గొంతు మీది చేతులు సడలాయి. మబ్బు విడి, కిటికీలోంచి పడిన వెలుగులో చెల్లెలి నీడ నేలమీద పరుచుకుంది. గది చిత్రంలో కుర్చీ ఖాళీగా ఉంది. అద్దంలో మాత్రం ఒక మనిషి కళ్ళు తేలేసి ఉన్నాడు. కళ్ళకింద, నోరుండవలసిన చోట, ఉత్త చర్మం అదురుతోంది.

"ఏదో చెప్పాలని చూస్తున్నాడే" అంది అక్క గొంతు తడుముకుంటూ. "ఇంత నోరు గీసి పడేద్దామా?"

చెల్లెలు కుంచెని కాలితో దూరంగా నెట్టింది. ఎన్నాళ్ళకో వచ్చిన మాట, బొంగురుగానే వచ్చింది.

"ప్రేరణకి నోరెందుకక్కా?"