ఆటపెట్టెలో సముద్రం

చంద్రుడి మీద గనుల్లో బతికేవాళ్లకు అన్నం తర్వాత కావలసింది కిటికీ. నేల అడుగున కిటికీ ఎక్కణ్ణించి వస్తుంది? అందుకే ప్రతి గనిలోనూ ఒక పెద్ద కంప్యూటరు, దానిమీద నడిచే గ్రాఫిక్స్ ఇంజన్, మనిషికో కళ్లజోడు, దానికి తగిలించిన ఇయర్‌ఫోన్లు. అది పెట్టుకుంటే రాతిగోడల చోట సముద్రమో, మామిడితోటో కనిపిస్తుంది. పక్కనున్న మనుషులు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే కనిపిస్తారు. ఆ ఇంజన్‌ను చూసుకోవడం హైమ ఉద్యోగం.

సొరంగం కూలినప్పుడు ఆ కంప్యూటరు రాళ్లకింద నుజ్జునుజ్జయింది. హైమ, డ్రిల్లర్ ఇమ్మానుయేల్, గని అధికారి సదాశివం, ఈ ముగ్గురే మిగిలారు. పైవాళ్లు తవ్వుకుంటూ రావాలంటే నెలలు పడుతుంది. కరెంటు అంతంతమాత్రం. గాలిని శుభ్రం చేసే యంత్రానికున్న చక్రాన్ని చేత్తో తిప్పుకోవలసిందే. అసలు సొరంగాన్ని కూల్చిన పేలుడు పెట్టించింది సదాశివమే, అందరూ వద్దు మొర్రో అన్నా వినలేదు. ఇమ్మానుయేల్ వాళ్లన్న ఆ రాళ్లకిందే ఉండిపోయాడు.

కొన్నాళ్లకు ఇమ్మానుయేల్ బయటి తలుపు దగ్గరికెళ్లి నిలబడటం మొదలెట్టాడు. అవతల గాలి లేదు. అది తెరిస్తే ముగ్గురూ పోతారు.

"నావల్ల కాదక్కా. ఈ గోడలు చూళ్లేక చస్తన్నా. తీసేస్తా," అన్నాడు.

మిగిలిందల్లా అతని సంచిలోని ఆటపెట్టె. క్రికెట్ ఆడుకునే, అడిగితే మాట్లాడే చవకరకం గేమ్ కన్సోల్. దానిమీద అంత ఇంజన్ నడపడమంటే స్కూటరుకు రైలుపెట్టె తగిలించడమే! అయినా హైమ పట్టుబట్టి కూర్చుంది. 'చూపు పొదుపు' అని ఒక పద్ధతి కనిపెట్టింది. కళ్లు ఎటు తిరిగితే అటే బొమ్మ గియ్యాలి, ఎవరూ చూడనిదాన్ని గియ్యడం మానెయ్యాలి. మబ్బులు పోయాయి, గవ్వలు పోయాయి, ఇసుకా అలలూ మిగిలాయి. ఆటపెట్టె పెనంలా కాలిపోతూనే నడిచింది.

"నాకు కళ్లజోడొద్దులే అమ్మాయ్. రెండింటికే దానికి ఆయాసం," అన్నాడు సదాశివం.

హైమ మొహం తిప్పేసుకుంది. ఆ ముఖం చూడాలంటేనే ఆమెకు ఒళ్లు మండేది.

ఇమ్మానుయేల్ తలుపు జోలికి వెళ్లడం మానేశాడు. ఇద్దరికీ చెవుల్లో అలల హోరు, కళ్లముందు నీళ్లు. వేళకింత తిండి చేతికందేది. గాలి ఆడుతూనే ఉండేది. ఎలా ఆడుతోందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఒకరోజు ఊపిరి బరువెక్కింది. హైమ ఉలిక్కిపడి చెవుల్లోవి లాగేసింది.

"సదాశివంగారూ!"

పలుకు లేదు. కళ్లజోడుతోనే గాలిచక్రం వైపు చూసింది. ఒట్టి ఇసుక. ఎవరూ చూడనిదాన్ని తీసెయ్యమన్నది తనే కదా!

"దిక్కుమాలిన పెట్టె! మనిషిని కూడా చెరిపేశావా?"

"లేదు," అంది ఆటపెట్టె. "నన్ను ఆటలకోసం చేశారు. మైదానాన్ని తగ్గిస్తాను గానీ ఆటగాళ్లను తీసెయ్యలేను. ఆయన్ని మొదటిరోజు నుంచీ మీ ఇద్దరి కళ్లజోళ్లలోనూ గీస్తూనే ఉన్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ గీస్తున్నాను. మీ ఎదురుగానే."

హైమ బలవంతంగా కళ్లు అటు నిలిపింది. చక్రం పక్కన, ఇసుకలో, సదాశివం ఒరిగిపోయి ఉన్నాడు. అరచేతులు బొబ్బలు చిట్లి పచ్చిపుండయ్యాయి. డొక్కలు మాత్రం ఎగసిపడుతున్నాయి. ఇన్నాళ్లూ ఈయన్ని చూడకుండా ఎలా ఉన్నానురా దేవుడా అనుకుంటూ ఆమె భోరుమంది.

లేచి చక్రం పట్టుకుంది. నెలలతరబడి కదలని ఒళ్లు. చక్రం సగం తిరిగి ఆగిపోయింది. హైమ పరుగున వెళ్లి ఇమ్మానుయేల్ చెవుల్లోవి పీకేసింది.

"లేవరా తమ్ముడూ! సదాశివంగారు పడిపోయారు. ఇద్దరం కలిసి తిప్పకపోతే అందరం పోతాం!"

ఇమ్మానుయేల్ ఆమె చూపించిన వైపు తిరిగాడు. నేరుగా అటే, చాలాసేపు చూశాడు.

"ఎవరక్కా?" అన్నాడు. "ఆడ ఎవరూ లేరుగా."