చోప్ చేసిన కంప్యూటర్

స్కూల్ బస్సు ఆగీ ఆగకముందే సరయు దిగి పరుగందుకుంది. సింగపూర్‌లోని బెడోక్‌లో వాళ్ళుండే బ్లాక్ కింద, లిఫ్టుల పక్కన ఒక గది ఉంది. స్కూలు అయ్యాక పిల్లలంతా చేరేది అక్కడే.

ఆ గది బ్లాక్ కమిటీ వాళ్ళు ఇచ్చారు. కంప్యూటర్లు ఒక కంపెనీ వాళ్ళు పాతబడ్డాయని ఇచ్చేశారు. లెక్కలు చెప్పేది యూనివర్సిటీలో చదివే ప్రేమ్ అన్న. శుక్రవారం గారెలు తెచ్చేది భానుమతి ఆంటీ. ఇలా తలో చెయ్యీ వేస్తే నడిచే గది అది. ఇంటర్నెట్ ఇంకా ఫోను తీగలోంచి కీచుకీచుమంటూ వచ్చే రోజులవి. ఆ మోత మొదలైతే చాలు, పిల్లలకి పండగే. మీరు వినలేదు కదా, పాపం మీరు!

మూడు కంప్యూటర్లలో ఇంటర్నెట్ ఉన్నది మూలనున్న ఒక్కదానికే. ఎవరు ముందొస్తే వాళ్ళదే. ఆ శుక్రవారం అందరికంటే ముందు వచ్చింది సరయు. కానీ అప్పుడే బయట శ్రీజ వాళ్ళు తాడాట మొదలుపెట్టారు. సరయుకి కంప్యూటరూ కావాలి, ఆటా కావాలి.

సరయు వాళ్ళు విశాఖ నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఇక్కడ నేర్చుకున్న వాటిలో తనకి తెగ నచ్చింది చోప్ చేయడం, అంటే ముందే చోటు పట్టేసుకోవడం. తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండే హాకర్ సెంటర్‌కి తినడానికి వెళ్తే, ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టేస్తారు. తర్వాత తీరిగ్గా తిండి కొనుక్కుంటారు. ఎంత రద్దీ ఉన్నా ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోరు.

సరయు బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి కీబోర్డు మీద పెట్టింది. "చోప్!" అని బయటికి తుర్రుమంది. ప్రేమ్ అన్న చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ ఇటు చూడనే లేదు.

ఆట ముగించి చెమటలు కక్కుతూ లోపలికి వచ్చేసరికి, ఆ కుర్చీ పక్కన నిఖిల నేల మీద కూర్చుని ఉంది. నిఖిల అదే బ్లాక్ పిల్ల. వాళ్ళది తాతల కాలం నుంచీ సింగపూరే. మాట చివర 'లా' తగిలించడం అక్కడి వాళ్ళ అలవాటు.

"ఒక్కసారి మెయిల్ చూసుకోనా? కొంచెమే లా," అని అడిగింది నిఖిల.

"నేను లేనప్పుడే చూసుకోవాల్సింది!"

"నువ్వు చోప్ చేశావ్ కదా. తీయకూడదు."

సరయు టిష్యూ ప్యాకెట్ తీసేసింది. నిఖిల మెయిల్ తెరిచింది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. సరయు భుజం మీంచి చదివేసింది.

'నాలుగింటి నుంచి చాట్‌లో నీకోసం చూశాను తల్లీ. ఇక వెళ్ళాలి. రేపు నాలుగింటికి మళ్ళీ వస్తా. రేపు సాయంత్రమే ఓడ కదులుతుంది. ఆ తర్వాత నెల రోజుల దాకా మాట్లాడటం కుదరదు.'

నిఖిల వాళ్ళ నాన్న ఓడలో ఇంజను పని చేస్తారు. ఓడ రేవులో ఆగినప్పుడే ఆయనకి ఇంటర్నెట్ దొరికేది.

"టుమారో సాటర్‌డే. సెంటర్ క్లోజ్," అంది నిఖిల. ఏడవలేదు. బ్యాగు తగిలించుకుంది.

"గారె తినకుండా పోతావేంటే!" అని భానుమతి ఆంటీ పిలుస్తున్నా ఆగలేదు. సరయు తన గారె పక్కన పెట్టేసింది. తనని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

సరయు ఇంట్లోనూ కంప్యూటర్ ఉంది. వాళ్ళ నాన్న సూర్యారావు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కానీ నెట్ పెడితే ఫోను పనిచేయదు, బిల్లు తడిసి మోపెడవుతుంది. అందుకే సరయుకి శనివారం ఒక్క గంటే. ఆ గంట కోసం వారమంతా ఎదురుచూస్తుంది.

నాన్న ఆఫీసు నుంచి రాగానే సరయు ఎదురెళ్ళింది. "నాన్నా, రేపటి నా గంట నిఖిలకి ఇచ్చేయనా?"

"నీ గంటే?" నాన్న ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరమేమోనని.

సరయు జరిగిందంతా చెప్పింది. నాన్న వేళాకోళం ఆపేశారు. "ఇప్పుడే వెళ్ళి చెప్పిరా. ఆ పిల్ల పొద్దున్నదాకా దిగులుపడుతుంది," అన్నారు.

మర్నాడు నాలుగింటికి సరయు ఇంట్లో మోడెమ్ కీచుమంది. నిఖిల కుర్చీ అంచున కూర్చుంది. పక్కన సరయు నిలబడింది.

'నిన్న ఎందుకు రాలేదమ్మా?' తెర మీద మొదట వచ్చిన మాటే అది.

నిఖిల సరయు వైపు చూసింది. 'కంప్యూటర్ ఖాళీ లేదు నాన్నా' అని కొట్టింది.

సరయు చెవులు వేడెక్కాయి. "ఒక్కసారి ఇటివ్వు," అని కీబోర్డు జరుపుకుంది. అక్షరాలు వెతుక్కుంటూ కొట్టింది.

'అంకుల్, ఖాళీగానే ఉంది. నేను ఆటకి పోతూ చోప్ చేశాను. తను నా కోసం నేల మీద కూర్చుంది. సారీ.'

 తెర మీద 'నువ్వెవరమ్మా?' అని వచ్చింది.

పేరు చెప్పాలంటే సరయుకి భయమేసింది. చేతులు వెనక్కి లాక్కుంది.

నిఖిల కీబోర్డు తన వైపు తిప్పుకుని కొట్టింది.

'నా ఫ్రెండ్ లా, నాన్నా. పేరు సరయు.'