ఈదమ్మ ఊపిరి

పదమూడో గడప దగ్గర స్వరూప ఊపిరిగొట్టాన్ని వేడినీళ్లలో కడిగి, తుడిచి, కిష్టవ్వ మనవరాలికి అందించింది. ఆరేళ్ల చైత్ర పేరు చెప్పి, బుగ్గలు పూరించి ఊదింది. సగంలోనే దగ్గు ముంచుకొచ్చింది.

స్వరూప భుజానికి వేలాడుతున్న యంత్రం, జబ్బుకు కారణం తేల్చే 'నిదానిని', పలికింది. "శ్వాసబలం నూటికి నలభై ఒకటి. కారణం వ్యక్తిగతం: వంటపొగ. పొయ్యి మార్చుకోగలరు."

"మా ఇంట్ల పొయ్యే లేదు గదనే! కాలనీ వంటశాలకెల్లి తెచ్చుకుంటం," అంది కిష్టవ్వ.

పొయ్యి లేని ఇంట్లో పొగ కనిపెట్టడం నిదానినికి కొత్త కాదు. పొద్దుటి నుంచి గడపకో కారణం చెబుతోంది: ఒకరికి బీడీ, ఒకరికి ముసలితనం, ఇంకొకరికి తాత ఇచ్చిన ఉబ్బసం. కాలనీ గోడ అవతల మందుల ఫ్యాక్టరీ మూడో చిమ్నీ కక్కుతున్న పసుప్పచ్చ పొగ మాత్రం దాని కంటికి ఆనదు. మనిషికి ఒక సొంత కారణం దొరకగానే వెతుకులాట ఆపెయ్యమని దానికి నేర్పినవాళ్లు మహా తెలివైనవాళ్లు.

సాయంత్రం ఐదింటికి ఎర్రకుంట కాలనీ సర్వే ముగుస్తుంది. సామూహిక కారణం తేలకపోతే దస్త్రం పదేళ్లు మూత. చైత్ర ఊపిరితిత్తులు పదేళ్లు ఆగవని స్వరూపకు తెలుసు. ఆ మాట కిష్టవ్వకు చెప్పే ధైర్యం లేక గొట్టం మళ్లీ కడిగింది.

"ఇగ నువ్వు ఊదు, పెద్దమ్మా. ముందుగాల పేరు చెప్పు."

"ఈదమ్మ," అని కిష్టవ్వ ఊదేసింది.

స్వరూప తల పట్టుకుంది. "అయ్యో, నీ పేరడిగిన!"

"సర్కారోళ్లు పేరడిగితే నోట్లకెల్లి అదే వస్తది బిడ్డా. ఏం జెయ్యను?"

ముసలామె తప్పేమీ లేదు. యాభై ఏళ్ల కిందట బోర్లలో విషం ఊరినప్పుడు ఈదమ్మ అనే కూలిమనిషి ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా పడుకుంది. ఆమె కోసం పోలీసులు వస్తే తొంభై మంది ఆడవాళ్లు తామే ఈదమ్మ అన్నారు. అప్పటి నుంచి ఎర్రకుంటలో అధికారికి దొరికే మొదటి జవాబు అదే. రసాయనాలకు వేలిముద్రలు అరిగినవాళ్లు నోటితో పేరు చెబితే చాలన్న నిబంధన కూడా ఆ ఆడవాళ్లు కొట్లాడి తెచ్చిందే.

"ఈదమ్మ. కారణం వ్యక్తిగతం: ముసలితనం," అంది నిదానిని.

చెరిపెయ్యబోయిన స్వరూప చెయ్యి ఆగింది. పేరు ఒకటైతే యంత్రం లెక్కలో మనిషీ ఒకరే. కాసేపు చిమ్నీ వైపు చూసి, గొట్టం చైత్రకిచ్చింది.

"అమ్మలూ, ఈసారి అవ్వ చెప్పిన పేరే చెప్పి ఊదు."

చైత్ర కిసుక్కున నవ్వింది. "ఈదమ్మ."

యంత్రం తటపటాయించింది. "ఈదమ్మ. ముసలితనం వర్తించదు. కారణం అనిశ్చితం. మరిన్ని ఊపిర్లు అవసరం."

"ఎన్నంటే అన్ని ఇస్తం," అంది స్వరూప. దొంగ నమోదు బయటపడితే ఆరోగ్యదూత పని పోతుందని తెలుసు. పన్నెండేళ్ల ఉద్యోగం, ఇంకోటి దొరకదు. భయం వేసింది. అయినా గల్లీలోకి వచ్చి గొంతెత్తి అందరినీ పిలిచింది.

నాలుగున్నరకల్లా రెండు వందల పన్నెండు మంది ఈదమ్మ పేరుతోనే ఊదారు. ఎన్నడూ బీడీ ముట్టనివాళ్ల ఊపిరితో బీడీ కొట్టుకుపోయింది. మొన్న పెళ్లయి వేరే ఊరి నుంచి వచ్చిన కోడలి దగ్గుతో తాత ఉబ్బసం కూడా ఎగిరిపోయింది.

"ఈదమ్మకు వ్యక్తిగత కారణాలు లేవు," అంది నిదానిని. "మిగిలిన కారణం: మూడో చిమ్నీ. విచారణ ముగిసే వరకు మూసివేత. ఆమోదానికి పరీక్షకురాలి పేరు చెప్పండి."

"మన పేరే చెప్పు," అంది కిష్టవ్వ.

స్వరూప తల అడ్డంగా ఊపింది. ఆమోదానికి అర్హత ఉన్న పేరే కావాలి. ఇంతమంది ఒక పేరు వెనక నిలబడ్డారు. ఒకరు ముందుకు రావాలి.

"బండారి స్వరూప. ఆరోగ్యదూత."

గోడ అవతల సైరన్ మోగింది. పసుపు పొగ సన్నబడి, తెగింది.

"విచారణాధికారి రేపు వస్తారు," అంది నిదానిని. "వీరిలో ఈదమ్మ ఎవరో తేలుస్తారు."

కిష్టవ్వ చైత్రను చంకనెత్తుకుంది.

"రమ్మను. పోయినసారి అచ్చినోళ్లు గూడ గదే అడిగిండ్రు."