ఇంకొక్క ముద్ద

2074 నాటికి విశాఖలో పిల్లలకు చక్కెర వ్యాధి అన్న మాటే తెలియదు. పెళ్లి పంక్తిలో నెయ్యి పోయించుకుని పదేసి బూరెలు తిన్నవాడు కూడా చేయి కడుక్కుని హాయిగా లేచేవాడు. అంతా ‘ముందుచూపు’ మహిమ.

అది బియ్యపుగింజంత గుళిక. క్లోమం పక్కన అమరుస్తారు. తిండి లోపల పడేదాకా ఆగదు. కుక్కర్ కూత, పోపు వాసన, కంచం చప్పుడు... ఏ గుర్తు తరువాత మనిషి ఎంత తింటాడో ఏళ్ల తరబడి నేర్చుకుని, సరిపడా ఇన్సులిన్ ముందే వదులుతుంది. ఆపడానికి మీట లేదు. ఆపి మరిచిపోతారని పెట్టలేదు.

“మరి తినకపోతే ఏటవుద్ది?” అని నూకరత్నం ఒక్కతే అడుగుతూ ఉండేది. ఆవిడకు అన్నిటికీ భయమే. ఆ సంగతి తేల్చడానికే పరిశోధనశాలలో ఇరవై నాలుగు గంటల ఉపవాస పరీక్ష పెట్టారు. ఆ పరీక్షకు కూర్చుంటానని ముందుకొచ్చింది ఎవరో కాదు, ఆవిడ కూతురు వసుధే. ఎనిమిదో ఏటి నుంచీ గుళిక ఉన్న పిల్ల.

పద్దెనిమిదో గంట. వసుధ ఉన్న గది అద్దానికి ఇవతల నూకరత్నం మైకు అందుకుంది.

“మొకం పీక్కుపోయిందే. ఒక్క ముద్ద తినీయే తల్లీ.”

“ముద్ద తింటే ఇంక ఉపవాసమేటమ్మా!” వసుధ నవ్వింది.

తెర మీద చక్కెర అంకె ఎనభై అయిదు నుంచి అరవైకి జారింది. పరీక్ష నడుపుతున్న డాక్టర్ సఫియా ముఖం మారింది. ఉపవాసంలో ఇన్సులిన్ తగ్గాలి, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి వదలాలి. ఇక్కడ ఇన్సులిన్ పెరుగుతోంది! వసుధ నుదుట చెమట పట్టింది. వేళ్లు వణికాయి. సఫియా పరుగున వెళ్లి గ్లూకోజ్ ఎక్కించింది.

“అమ్మా, లోపలికి రండి! పిల్ల నిద్రలోకి జారకూడదు. మాట్లాడుతూనే ఉండండి.”

నూకరత్నం కూతురి బుగ్గలు పట్టుకుంది. “నానప్పుడే చెప్పానా? లెగమ్మా... ఒక్క ముద్ద... ఇంకొక్క ముద్ద...”

యాభై. నలభై. గ్లూకోజ్ ఎక్కుతూనే ఉంది.

“ఎందుకు వదులుతున్నావు?” గుళిక తరఫున బదులిచ్చే యంత్రం మీద సఫియా అరిచింది.

“భోజనం రాబోతోంది,” అంది యంత్రం నిదానంగా.

“ఇక్కడ మెతుకు కూడా లేదు!”

“పద్నాలుగేళ్లలో ఈ గొంతు వినబడ్డాక భోజనం రాకపోవడం ఒక్కసారీ జరగలేదు. ‘ఇంకొక్క ముద్ద’ అంటే రెండింతలు వస్తుంది. అందుకే రెండింతలు వదిలాను.”

“అయ్యో, నా...” అనబోయిన నూకరత్నం నోటిని సఫియా అరచేత్తో గట్టిగా మూసేసింది.

గది నిశ్శబ్దమైంది. అంకె ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

వసుధ చేయి గాలిలో తల్లి కోసం తడిమింది.

“అమ్మా... ఏటీ కనపడ్డం లేదే. భయమేస్తంది. ఏదైనా మాటాడవే.”

నూకరత్నం చీర చెంగు నోట్లో కుక్కుకుంది.