జనవరి నాటి ఉత్తరం

హెల్మెట్ వాడు మెట్లెక్కుతున్నాడు!

టైలరమ్మ కాళ్ళకు బుద్ధి చెబుతుంది. రెండో అంతస్తు... మూడో అంతస్తు... జాకెట్టులో దాచిన కవరు చెమటకు తడుస్తోంది.

టైం నాలుగూ నలభై. కోర్టు ఫైలింగ్ కౌంటర్ ఐదింటికి మూసేస్తారు. కేసు వెయ్యడానికి ఇదే ఆఖరి రోజు.

ఆమె చేసిన పాపమల్లా ఒకటే. ఫైనాన్స్ కంపెనీలో ఖాతా తెరిచి, అడిగిన కాగితాలన్నీ ఇచ్చింది. అవి కంపెనీ కంప్యూటర్ల నుంచి దొంగల పాలయ్యాయి. ఎవడో వాటితో ఆమె పేరున సిమ్ తీసి, మార్చిలో నలుగురికి చంపుతానని ఫోన్లు చేశాడు. పోలీసులు వచ్చింది మాత్రం ఆమె, కూతురూ ఉండే ఇంటికి! సోమవారంలోగా రుజువు చూపకపోతే అరెస్టు.

డేటా పోయింది ఏప్రిల్‌లోనని, మార్చి ఫోన్లతో తమకు సంబంధం లేదని కంపెనీ వాదన. కానీ "మీ వివరాలు బయటికి పోయాయి" అంటూ జనవరిలోనే ఆమెకు ఉత్తరం వచ్చింది. ఆ ఆఫీసులో ఎవరో తొందరపడి పోస్టు చేసేశారు. అలాంటిది బయట ఉన్నది ఇదొక్కటే.

"మూడు దారులున్నాయమ్మా," అన్నారు వకీలమ్మ, పోయిన వారం. "కంపెనీ ఇచ్చింది పుచ్చుకుని, ఇక కేసు వెయ్యనని సంతకం పెట్టొచ్చు. మీలాంటి వాళ్ళందరూ కలిసి వెయ్యొచ్చు, కాకపోతే ఏళ్ళు పడుతుంది. లేదా మీరొక్కరే వెయ్యొచ్చు. ఒరిజినల్ ఉత్తరం ఉంది కాబట్టి నిలబడతారు. పోలీసు కేసుకూ అదే జవాబు."

"ఒక్కదాన్నే వేస్తానండీ. నా పేరు నాకు కావాలి."

ఈ మధ్యాహ్నం వకీలమ్మ జూనియర్‌నంటూ ఒకతను ఫోన్ చేశాడు. కౌంటర్ దగ్గర కంపెనీ మనుషులు కాపు కాశారట. కోర్టు వెనక బిల్డింగ్, నాలుగో అంతస్తు, రికార్డు రూముకు రమ్మన్నాడు. జిరాక్స్ తీయొద్దన్నాడు, ఫోన్ ఆఫ్ చెయ్యమన్నాడు.

"మీరెవరో నాకెలా తెలుస్తుంది?" అంది. ఆమె ఏమీ వెర్రిబాగులది కాదు.

అతను ఖాతా నంబరు చెప్పాడు. పుట్టిన తేదీ చెప్పాడు. అమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరూ చెప్పాడు. ఫైలు చూసినవాడికి తప్ప ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి? ఆమె మనసు కుదుటపడింది.

నాలుగో అంతస్తు! రికార్డు రూము!

"రండక్కా," అంటూ కళ్ళజోడు కుర్రాడు తలుపు గడియ పెడతాడు.

"ఎవడో వెంటపడ్డాడు బాబూ..."

"నేనున్నాగా. ఉత్తరం ఇవ్వండి."

ఇచ్చేస్తుంది.

"జిరాక్స్ తీశారా?"

"లేదు. మీరే వద్దన్నారుగా."

తలుపు మీద దబదబా బాదుడు!

"అమ్మా, నేను వకీలమ్మ గుమాస్తాని! బస్టాప్ నుంచి పిలుస్తూనే ఉన్నా. మేడమ్‌కి జూనియర్లెవరూ లేరు... ఉత్తరం ఇవ్వకండి!"

టైలరమ్మ కళ్ళజోడువాడి వైపు తిరుగుతుంది. ఖాతా నంబరు... పుట్టిన తేదీ... అమ్మవైపు ఇంటిపేరు... దొంగల పాలైనవి అవే కదా! దొంగసొత్తునే గుర్తుగా నమ్మి, దొంగ చేతికే తాళాలిచ్చింది.

ఆమె ఉత్తరం కోసం మీదపడుతుంది. కళ్ళజోడువాడు ఒక్క తోపు తోసి, ఫోన్ చెవికి ఆనిస్తాడు.

"తలుపు బయట ఉన్నాడు," అంటాడు అంతే.

ఢాం!

బాదుడు ఆగిపోతుంది.

కళ్ళజోడువాడు తీరిగ్గా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటాడు. కుర్చీ లాగి ఆమెకు చూపిస్తాడు.

"ఇప్పుడు చెప్పండక్కా... ఈ ఉత్తరం సంగతి మీ అమ్మాయికి కూడా తెలుసా?"